అసలు కాగితమే తేవాలి

మనశ్శాంతి కావాలంటే పట్టుకున్నదాన్ని వదిలెయ్యాలని నాకు తెలియజెప్పిన పుణ్యాత్ముడు మూడేళ్ల కిందట నా దగ్గర అప్పు తీసుకున్న మనిషే. ఇందులో ఆశ్చర్యమేం లేదు. వైరాగ్యం ఎప్పుడూ తీసుకున్నవాడికే ముందు అబ్బుతుంది, ఇచ్చినవాడికి నేర్పాల్సి వస్తుంది.

ఆదివారం పొద్దున వాళ్ల డాబా మీద 'విడుదల' అని కార్యక్రమం పెట్టాడు. మనసుని బరువెక్కించేది ఏదైనా సరే, కాగితం మీద రాసి మంటలో వెయ్యడం. నాకు మాత్రం ముందురోజే ఫోన్ చేశాడు. "మీరు రాయక్కర్లేదు గురువుగారూ, ఆ ప్రామిసరీ నోటు తెచ్చెయ్యండి. జిరాక్సు కాదు, అసలుది. నకలు కాలిస్తే ఫలితం ఉండదు."

పతంజలి యోగసూత్రాల్లో మొదటి పాదం, 33వ సూత్రం చెప్పాడు. సుఖంగా ఉన్నవాళ్ల మీద మైత్రి, దుఃఖంలో ఉన్నవాళ్ల మీద కరుణ, పుణ్యాత్ముల్ని చూసి సంతోషం, పాపుల పట్ల ఉపేక్ష. ఇలా ఉంటే చిత్తం నిర్మలమవుతుంది. సూత్రం నిజమే, నేనూ చదివాను. వ్యాఖ్యానమే కొత్తది. "నేను కష్టాల్లో ఉన్నాననుకుంటే కరుణించండి. ఎగ్గొట్టాననుకుంటే పాపిని, ఉపేక్షించండి. సుఖంగా ఉన్నాననుకుంటే మనం మిత్రులం, మిత్రుల మధ్య లెక్కలేమిటి?" నాలుగు దారుల్లో మూడు మూసేశాడు. నాలుగోది పుణ్యాత్ముడి దారి. దాని జోలికి ఇద్దరం పోలేదు.

గీత పన్నెండో అధ్యాయం కూడా వచ్చింది. కర్మఫలం త్యాగం చేస్తే శాంతి. ఫలం అంటే వడ్డీయేమో, పోనీలే అనుకున్నాను. కాదట, అసలు కూడానట.

నోటు అందించాను. (ఎందుకిచ్చావని మా ఆవిడ ఇప్పటికీ అడుగుతోంది. చుట్టూ ఇరవైమంది కళ్లు మూసుకుని కూర్చుంటే మీరైనా ఇస్తారు.) మూల అంటుకుంది, నా పేరు ముడుచుకుంది, అంకె నల్లబడింది, అతని సంతకం అన్నిటికన్నా ఆఖర్న కాలింది. "ఎలా ఉంది?" అన్నాడు. "మీకెలా ఉంది?" అన్నాను. "చాలా తేలిగ్గా ఉందండీ," అన్నాడు, కళ్లనీళ్లు పెట్టుకుని. అబద్ధమాడలేదు.

నా డబ్బుదేముంది, పోతే పోయింది. కానీ అదే బృందం ఆ సాయంత్రం మా వీధిలో ఒక ఇంటికి వెళ్లింది. నేనూ వెళ్లాను. ఆ అమ్మాయి మణికట్టు మీద అయిదు వేళ్ల అచ్చు ఇంకా ఎర్రగానే ఉంది. "క్షమించెయ్యమ్మా, కోపం దాచుకుంటే నీకే నష్టం," అన్నారు. ఒకావిడ తల నిమిరింది కూడా. అచ్చు వేసినవాడు పక్కగదిలో టీవీ సౌండు పెంచుకున్నాడు. నాలుగడుగులు! ఆ నాలుగడుగులు నడిచి "ఒరే, నీ కోపం నువ్వు వదిలెయ్" అన్నవాడు ఒక్కడూ లేడు. నాతో సహా. మీ కరుణ ఎప్పుడూ దెబ్బ తిన్నవాళ్ల ఇంటికే ఎందుకొస్తుందయ్యా పాఠం చెప్పడానికి? కొట్టినవాడి గడప తొక్కడానికి దానికి కాళ్లు రావా? అయిదో శతాబ్దంలోనే బౌద్ధ పండితుడు బుద్ధఘోషుడు విశుద్ధిమగ్గం అనే గ్రంథంలో రాసిపెట్టాడు, ఉపేక్షకు దగ్గరి శత్రువొకటి ఉందని. అజ్ఞానంతో వచ్చే పట్టనితనం. చూడ్డానికి అచ్చం ఉపేక్షలాగే ఉంటుంది. అది శాంతి కాదు, సిగ్గులేనితనం. వదిలెయ్యమని చెప్పే ముందు, ఎవడు ఎవర్ని పట్టుకున్నాడో చూడండి, ఛీ!

నిన్న మళ్లీ ఫోన్ చేశాడు. నా దగ్గర నోటు జిరాక్సు ఉందని ఎవరో చెప్పారట. వచ్చే ఆదివారం రెండో తరగతి, తప్పకుండా రమ్మన్నాడు. అసలు మీద మమకారం కన్నా నకలు మీద మమకారం ఇంకా సూక్ష్మమైందట.