ఎన్‌సీఈఆర్‌టీ ఒక్కటే చాలంటున్న ఆ ఫార్వర్డుకు జవాబు

ఇంటర్ పరీక్షలు అయిపోగానే తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో నీట్ (మెడికల్ సీట్ల కోసం రాసే ప్రవేశ పరీక్ష, మొత్తం 720 మార్కులు) గురించి, ఎన్‌సీఈఆర్‌టీ (కేంద్ర సంస్థ, 11, 12 తరగతులకు అది వేసే పుస్తకాలు) గురించి ఒక మెసేజ్ తిరగడం మొదలవుతుంది. సారాంశం ఇదీ: ‘నీట్‌కి ఎన్‌సీఈఆర్‌టీ ఒక్కటి అక్షరం వదలకుండా చదివితే 720 గ్యారంటీ. పాత పుస్తకమైనా ఫర్వాలేదు, అన్నీ ఒకటే. తెలుగు అకాడమీ ఇంటర్ పుస్తకాలు తూకానికి వేసెయ్యండి. మిగతా మెటీరియల్ అంతా కోచింగ్ వాళ్ల వ్యాపారం.’

చివరి మాటలో నిజం లేకపోలేదు. అట్ట కూడా విప్పని మాడ్యూళ్లు ఎన్ని ఇళ్లలో మంచాల కింద పడి ఉన్నాయో అందరికీ తెలుసు. మిగతావే చిక్కు.

‘ఒక్కటి చాలు’: బయాలజీకి దాదాపు ఒప్పుకోవచ్చు. 90 ప్రశ్నలు, 360 మార్కులు. బొమ్మ కింద రాసిన వాక్యం, పట్టికలో మూలన ఉన్న ఉదాహరణ కూడా ప్రశ్నలైపోతాయి. కెమిస్ట్రీకి వచ్చేసరికి ఈ మాట నిలబడదు. నీట్ సిలబస్ ఖరారు చేసేది జాతీయ వైద్య కమిషన్, ఎన్‌సీఈఆర్‌టీ కాదు. 2022లో పిల్లల మీద భారం తగ్గించాలని ఎన్‌సీఈఆర్‌టీ పీ బ్లాక్ మూలకాలను (ఆవర్తన పట్టికలో 13 నుంచి 18 దాకా ఉన్న గ్రూపులు) 11, 12 తరగతుల పుస్తకాలు రెండింట్లోంచీ ఎత్తేసింది. 2023 అక్టోబరులో కమిషన్ ఇచ్చిన సిలబస్‌లో మాత్రం 13వ గ్రూపు నుంచి 18 దాకా అన్నీ ఉన్నాయి. కొత్త పుస్తకం కంఠస్థం పట్టినా ఆ అధ్యాయం దొరకదు, లేదు కాబట్టి.

అదే సిలబస్‌లో ప్రాక్టికల్ కెమిస్ట్రీ కూడా ఉంది. సీసం అయాన్‌కి పొటాషియం అయొడైడ్ కలిపితే పసుపు అవక్షేపం వస్తుందన్న సంగతి ల్యాబ్‌లో లవణాన్ని గుర్తుపట్టే సాల్ట్ అనాలిసిస్‌లో నేర్చుకునేది. ఇంటర్ ప్రాక్టికల్స్ రికార్డు పక్కవాడిది చూసి దించెయ్యకుండా స్వయంగా రాసినవాళ్లకు ఇది వచ్చే ఉంటుంది. ఫిజిక్స్‌లో వెర్నియర్, స్క్రూగేజ్ సంగతీ అంతే.

‘720 గ్యారంటీ’: 2025లో దేశం మొత్తానికి ఫస్ట్ ర్యాంకు వచ్చిన మార్కులే 686. ఆ ఏడు ఫిజిక్స్ పేపర్ చాలామందిని ముంచింది. ఐచ్ఛిక ప్రశ్నలు తీసేశారు, 180 ప్రశ్నలకు 180 నిమిషాలే ఇచ్చారు. ఫిజిక్స్ పాఠం అర్థం కావడానికి ఎన్‌సీఈఆర్‌టీ బాగానే పనికొస్తుంది. కానీ లెక్క ఒక నిమిషంలో తెగాలంటే ఎన్నో లెక్కలు చేసిన చెయ్యి కావాలి. అందుకు గత ప్రశ్నపత్రాలు, వాటితోపాటు ఫిజిక్స్ లెక్కల పుస్తకం ఒక్కటి చాలు. నాలుగు కొని నాలుగింట్లోనూ మొదటి అధ్యాయాలే చేసేవాళ్లకు ఏ పుస్తకమూ సాయపడదు.

‘పాతదైనా ఒకటే’: 2024 నీట్ ఫిజిక్స్‌లో పరమాణువుల మీద ఒక ప్రశ్న వచ్చింది. పాత ఎన్‌సీఈఆర్‌టీలో ఉన్న వాక్యాన్ని బట్టి రాసినవాళ్లకు కూడా పరీక్ష నిర్వహించే ఎన్‌టీఏ మార్కులు ఇచ్చింది. వ్యవహారం సుప్రీంకోర్టుకు ఎక్కింది. కోర్టు అడగ్గా ఐఐటీ ఢిల్లీ నిపుణులు చూసి సరైన జవాబు ఒక్కటే, పాత పుస్తకాన్ని బట్టి రాసింది కాదు అన్నారు. ఫలితాలు సవరించాక 720 తెచ్చుకున్నవాళ్లు 61 నుంచి 17కి పడిపోయారు, ఒక్క ప్రశ్నతో. కోఠీలోనో, విజయవాడ లెనిన్ సెంటర్లోనో సగం ధరకు దొరికిందని పాత సెట్టు తెచ్చుకునే ముందు దాని ముద్రణ సంవత్సరం చూడండి.

ఇక తెలుగు అకాడమీ. కొత్త ఎన్‌సీఈఆర్‌టీ నుంచి పోయిన పీ బ్లాక్ మొత్తం మన ఇంటర్ పాత కెమిస్ట్రీ పుస్తకాల్లో ఉంది. 13, 14 గ్రూపులు ఫస్టియర్లో, 15 నుంచి 18 సెకండియర్లో. తూకానికి వెయ్యమంటున్నది వాటినే! తెలుగు మీడియం పిల్లలకైతే పాఠం సొంత భాషలో అర్థమయ్యేదీ వీటితోనే. నీట్ తెలుగులోనూ రాయొచ్చు. అయితే అనువాదంలో తేడా వస్తే ఇంగ్లిష్ ప్రశ్నే చెల్లుతుంది కాబట్టి, చదువుతున్నప్పుడే మార్జిన్లో ఇంగ్లిష్ పేరు రాసిపెట్టుకోవాలి.