బావ, బ్రేకు, నా కుడి కాలు

2024 మార్చిలో ఒకరోజు బెంగళూరు దగ్గరి నంది కొండ దిగుతుంటే మా బావ పాత మారుతి 800 బ్రేకు పెడల్ మెత్తగా లోపలికి పోయింది. ఎలాగో ఇల్లు చేరాం. బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమని పీల్చుకుంటుందని బావ వివరించాడు. డాట్ 3 రకం కొత్తదైతే 205 డిగ్రీల దాకా మరగదు, నీరు బాగా పడితే 140 దగ్గరే మరిగిపోవచ్చు. ఘాట్ రోడ్డు వేడికి లోపల ఆవిరి బుడగలు లేస్తే, మన కాలి బలమంతా వాటిని నొక్కడానికే సరిపోతుంది. అందుకే రెండేళ్లకోసారి మార్చాలట. ఇంతకీ ఎప్పుడు మార్చావని అడిగితే అక్క నవ్వింది. బావ నవ్వలేదు.

ఆ వారమే జేసీ రోడ్డుకి పోయి ఆయిల్ తెచ్చాడు. ఆదివారం పొద్దున్నే మారతహళ్లిలో వాళ్ల అపార్ట్‌మెంట్ సెల్లార్లో పని మొదలైంది. పెడల్ నొక్కితే ఆయిల్‌ని చక్రాలకి తోసే మాస్టర్ సిలిండర్‌కి అన్నిటికన్నా దూరంగా ఉన్న వెనక ఎడమ చక్రం దగ్గర బావ, పెడల్ మీద నేను. బానెట్ దగ్గర మా మేనల్లుడు. పైడబ్బాలో ఆయిల్ తగ్గకుండా చూడటం వాడి పని. చక్రం దగ్గర పాత ఆయిల్ బయటికి వదిలే నిపుల్‌కి ట్యూబు తగిలించి, రెండో కొస ఖాళీ ఆవకాయ సీసాలో పెట్టాడు బావ.

పెడల్ మీద కూర్చున్నవాడికి ఏమీ కనిపించదు. కింద నుంచి గొంతొకటి వినిపిస్తుందంతే. "నొక్కి పట్టుకో" అంటే పట్టుకోవాలి. నిపుల్ బిగించి "వదులు" అన్నాకే వదలాలి. ముందే వదిలితే గాలి లోపలికి పోతుంది.

డికాక్షన్ లాంటి పాత ఆయిల్ బాగానే దిగుతోంది. అంతలో అసోసియేషన్ సెక్రటరీగారు వచ్చి మెయింటెనెన్స్ బాకీ సంగతి ఎత్తారు. అనంతపురం ఆయన, బాకీ మాత్రం మొహమాటం లేకుండా అడుగుతారు. బావ తలెత్తకుండానే, "ఈ నెలకి వదిలేయండి సార్" అన్నాడు.

నేను వదిలేశాను.

"నిన్నెప్పుడైనా 'అండి' అన్నానట్రా?" అని కింద నుంచి ఒకటే కేక. న్యాయమైన ప్రశ్నే. కానీ అవసరం పడ్డప్పుడు బావలు బామ్మర్దులకి మర్యాద ఇవ్వడం నేనెరగనిది కాదు.

మళ్లీ మొదటికొచ్చాం. ఈలోగా మేనల్లుడి సంగతి. టార్చి వెలిగే ఫోన్లోనే క్రికెట్ హైలైట్స్ కూడా వస్తాయి కదా! పైడబ్బా అడుగంటింది. బావ నాకు "నొక్కి పట్టుకో" అని చెప్పి, నిపుల్ బిగించి, ఆయిల్ పొయ్యడానికి పరిగెత్తాడు. ఆ తొందరలో కొంత ఫెండర్ మీద ఒలికింది.

బ్రేక్ ఆయిల్ రంగుని తినేస్తుంది. తుడిస్తే చాలదు, వెంటనే నీళ్లతో కడగాలి. బెంగళూరులో బోర్లు ఎండిపోయి, తాగునీటితో కార్లు కడిగితే 5,000 రూపాయల జరిమానా అని జలమండలి ప్రకటించింది కూడా ఆ నెలలోనే. ఆ నోటీసు లిఫ్టులో అంటించిన పెద్దమనిషి మా పక్కనే నిలబడి ఉన్నారు. మగ్గు వైపు వెళ్లిన బావ చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది.

అక్క లిఫ్టులో పైకెళ్లి బియ్యం కడిగిన నీళ్ల గిన్నెతో దిగి, ఫెండర్ మీద గుమ్మరించింది. సెక్రటరీగారు ఖాళీ గిన్నెలోకి తొంగి చూశారు. ఇవి తాగునీళ్ల కిందికి వస్తాయా రావా అన్నది ఆయనకీ తేలలేదు.

"సరే, ఈసారికి వదిలేయండి" అన్నారు.

నేను వదల్లేదు. బావ చెప్పలేదు మరి. అందరూ ఉప్మా తినడానికి పైకి వెళ్లిపోయారు. చల్లారిపోతోంది, ఎక్కడున్నావని అక్క ఫోన్ చేసేదాకా నా కుడి కాలు పెడల్ మీదే ఉంది.