పిల్లలు చెడేది టీవీ వల్లా, మన వల్లా?

అక్క: టీవీ కట్టేయకపోతే పిల్లలు దారికి రారురా. 1997లో టీవీలో 'శక్తిమాన్' అనే సూపర్‌హీరో సీరియల్ మొదలయ్యాక వాడిలా దూకబోయి పిల్లలు దెబ్బలు తగిలించుకుంటున్నారని ఎంత గొడవైంది! చివరికి ఆ వేషం వేసిన ముఖేష్ ఖన్నాయే నాలా చేయకండర్రా అని చెప్పాల్సి వచ్చింది.

తమ్ముడు: చూసినవాళ్లందరూ దూకలేదు కదక్కా. దూకితే కాళ్లు విరుగుతాయని చెప్పేవాళ్లు ఇంట్లో ఉన్నారు.

అక్క: చెప్తే ఆగిపోతుందా? 1961లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో ఆల్బర్ట్ బండూరా అనే సైకాలజిస్టు చేసిన ప్రయోగం ఉంది కదా. పెద్దవాళ్లు గాలి బొమ్మను సుత్తితో కొట్టడం చూసి పిల్లలూ అలాగే కొట్టారు. తర్వాత అదే ఫిల్ములో చూపించినా కొట్టారు!

తమ్ముడు: ఆయనే 1965లో, కొట్టినవాడికి శిక్ష పడ్డట్టు చూపిస్తే పిల్లలు తక్కువగా కొట్టారని రాశాడు.

అక్క: మిగతాది కూడా చెప్పు. చూసింది చేసి చూపిస్తే బహుమతి ఇస్తామనగానే, శిక్ష చూసిన పిల్లలూ చేసి చూపించారు. అంటే నేర్చుకోవడం అప్పటికే అయిపోయింది, బయటపెట్టలేదంతే. నాకు భయం వేసేది అక్కడే.

తమ్ముడు: ఒప్పుకుంటా. కానీ రిమోట్ ఎవరి చేతిలో ఉంది? ముద్ద మింగడానికి ఛోటా భీమ్ పెట్టేది మనమే. మనం సీరియల్ చూస్తుంటే పక్కన మూడేళ్లది బొమ్మలతో ఆడుకుంటుంది, అది చూడట్లేదులే అనుకుంటాం, కానీ అలా టీవీ మోగుతున్నంతసేపూ పెద్దవాళ్లు పిల్లలతో మాట్లాడేది తగ్గిపోతుందని పరిశోధనల్లో తేలింది. మాటా మంచీ లేని ఇంట్లో పెరిగితే పిల్ల ఎవరిని చూసి నేర్చుకుంటుంది?

అక్క: మనం మనం అంటావు గానీ చివరికి తల్లినే అంటారు. ఆఫీసు నుంచి వచ్చి పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషి టీవీ పెట్టకపోతే ఆ గంటసేపు పిల్లను ఎవరు పట్టుకుంటారు? రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంటకు మించి చూపించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది, సరే, మిగతా టైమంతా ఎవరో ఒకరు ఉండాలి కదా!

తమ్ముడు: నాన్న ఉండాలి. పెంపకం అంటే నా లెక్కలో అదే.

అక్క: అయితే మీ ఇంట్లోనే మొదలుపెట్టు. సాయంత్రం నువ్వు పెట్టుకునే న్యూస్ డిబేట్లలో పెద్ద పెద్దవాళ్లే ఒకరి మీద ఒకరు అరుచుకుంటుంటే, మీవాడు ముందు కూర్చుని చూస్తుంటాడు. వాడు పడుకున్నాక చూసుకో. సీరియళ్ల సంగతి అత్తయ్యతో నేను మాట్లాడతాను.