కృత్రిమ చీలమండ కీలు గారికి

మహారాజశ్రీ కృత్రిమ చీలమండ కీలు గారి సముఖానికి,

మధ్యాహ్నమంతా వాచిన కాలు చాపుకుని కూర్చుని, చివరికి డాక్టరు గారిని అడగగలిగింది ఒకే ఒక్క ప్రశ్న: తమరు ఎన్నాళ్లు వస్తారని. పదేళ్లు రావచ్చట. పదిహేను దాటినవీ ఉన్నాయట, అయిదేళ్లు తిరక్కుండా తీసేయాల్సి వచ్చినవీ ఉన్నాయట. మిగతాదంతా నా నడవడి మీద ఉందట. అంటే పరుగెత్తకూడదు, గెంతకూడదు, బరువు పెరగకూడదు. ఇంత భద్రంగా చూసుకుని ఉంటే నా సొంత కీలే నూరేళ్లు ఉండేది కదండీ!

తమ అన్నగార్లను చూడండి. 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన లెక్కల ప్రకారం పాతికేళ్ల తర్వాత కూడా తుంటి కీళ్లలో సుమారు 58 శాతం, పూర్తి మోకాలి కీళ్లలో 82 శాతం మార్చే పని పడలేదు. తమరి దగ్గర పదేళ్ల లెక్క అడిగితేనే నూటికి ఎనభై నుంచి తొంభై దాకా అని నసుగుతారు. పోనీ, నడిచేటప్పుడు ఒంటి బరువుకు కొన్ని రెట్లు ఆ కాస్త చోటు మీదే పడుతుంది, ఒప్పుకుంటాను. 1970ల నాటి తమ పూర్వీకులు సిమెంటుతో అతికించినా నిలవక సర్జన్ల నమ్మకం పోగొట్టుకున్నారు, అదీ మరిచిపోతాను.

మరిచిపోలేనిది ఆ శాతాల వెనక ఉన్న నిర్వచనం. ఎవరూ కోసి బయటికి తీయనంత వరకు తమరు 'నిలిచినట్టే'! మనిషి నొప్పితో రాత్రంతా మేలుకున్నా నిలిచినట్టే. మరో ఆపరేషనుకు భయపడి మాత్రలతో కుంటుతున్నా నిలిచినట్టే. మనిషే పోతే, పోయిన రోజు దాకా నిలిచినట్టు రాసుకుని పేరు పక్కన పెడతారు. మధ్యలో ఉండే పాలిథిలీన్ అనే ప్లాస్టిక్ బిళ్ళ ఒక్కటే మార్చితే కొన్ని అధ్యయనాల్లో అది వైఫల్యం కిందకే రాదు. అద్దెకు దిగినవాడు ఖాళీ చేయలేదు కనుక ఇల్లు బాగున్నట్టేనా? నువ్వు ఎముకలో ఎన్నాళ్లు కూర్చుంటావో నాకెందుకు? నేను నొప్పి లేకుండా ఎన్నాళ్లు నడుస్తానో చెప్పు! నేను అడిగింది అదొక్కటే. ఆ శాతాల పట్టికలో దానికి గడి లేదు.

పైగా నీ దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఎప్పుడో కాలు విరిగినవాళ్లు, పదేపదే మడత పడినవాళ్లు. కీలు అరిగేనాటికి చాలామందికి ఇంకా ముసలితనం రాదు. ఎక్కువకాలం కావలసింది వీళ్లకి, తక్కువకాలం వచ్చేది నువ్వు.

నువ్వు వద్దనుకుంటే ఎముకలను మరలతో కలిపి బిగించేస్తారు. అది అరగదు, కదలదు కూడా. ఆ కదలిక భారమంతా పక్క కీళ్లు మోసి, ఏళ్లు గడిచేకొద్దీ అవీ అరుగుతాయి. అందుకే ఇంత తిట్టి మళ్లీ నీ గుమ్మంలోనే నిలబడ్డాను. పాదం వంగుతుందంటున్నారు. మెట్లు దిగేటప్పుడు అదెంత సుఖమో నాకు ఇంకా గుర్తుంది.

ఒక్క మనవి. నీ చుట్టూ ఎముకలో గుల్లలు పడుతున్నా మొదట్లో నొప్పి తెలియకపోవచ్చట, ఎక్స్‌రేలోనే బయటపడవచ్చట. క్రమం తప్పకుండా తీయించుకుంటాను. అందులోనైనా దాచకు.

ఇట్లు,
సమ్మతి పత్రం మీద ఇంకా సంతకం చేయని
ఎడమకాలి యజమాని