సలహాకు, మసాలాకు చుట్టరికం

మా పెద్దవాడు పదో తరగతి గట్టెక్కిన నాటి నుంచి, నేను హనుమకొండ చౌరస్తా దాటి ఇంటికి చేరేలోపు కనీసం ముగ్గురు ఆపి, వాణ్ని ఎంపీసీలో చేర్చాలో బైపీసీలో చేర్చాలో తామే తేల్చి చెబుతున్నారు. "ఊకె ఒక సలహా అన్నా" అని మొదలుపెట్టి, "ఇనకపోతే రేపు నువ్వే బాధపడతవు" అని ముగించే ఈ మాటలకు సలహా అన్న పేరు తగదని నా అభిప్రాయం.

ఆ పదం పుట్టుకే అందుకు సాక్ష్యం. నిజాం కాలంలో ఉర్దూ రాజభాషగా నడిచిన మన నేలకు ఆ మాట కొత్తది కాదు. దాని మూలం బాగు, యోగ్యత అనే అర్థమున్న అరబ్బీ 'సలాహ్'. సంధి అనే 'సుల్హ్', చక్కదిద్దడం అనే 'ఇస్లాహ్' కూడా ఆ ధాతువు సంతానమే. శిష్యుడి గజల్‌లో ఉస్తాదు ఒక మాట మార్చి దిద్దడాన్ని ఇస్లాహ్ అనే అంటారు. దిద్దిన తర్వాత కూడా గజల్ శిష్యుడిదే. మేలు అనే అర్థమున్న 'మస్లహత్'కు బహువచనమైన 'మసాలిహ్', పారసీకం, ఉర్దూల మీదుగా సరంజామా, దినుసులు అన్న అర్థాలు తెచ్చుకుని మన వంటింట్లో మసాలా అయింది. మనవాళ్లు సలహాలో మసాలా దట్టించడం వెనుక ఇంత చుట్టరికం ఉందన్నమాట.

ఇంగ్లీషు 'అడ్వైస్' మరింత వినయం గల మాట. 'నాకు ఇలా కనిపిస్తోంది' అనే పాత ఫ్రెంచి పలుకుబడి నుంచి అది పుట్టింది. మధ్యలోని 'డ'కారం లాటిన్‌ను చూసి తర్వాత చేర్చుకున్నది. దాని లోపలున్న 'చూడటం' అనే లాటిన్ ధాతువు, మన విద్య, వేదం పదాల్లోని 'విద్'కు దూరపు బంధువు. కనిపించినంత వరకే చెబుతున్నానని ఒప్పుకునే ఆ మాటలో బెదిరింపుకు చోటు లేదు. ఉపదేశంలోనూ ఉన్నది చూపడమనే 'దిశ్' ధాతువే. దారి చూపాలి గానీ రెక్క పట్టి ఈడ్చుకుపోవాలని అందులో ఎక్కడా లేదు.

మన తెలుగులో మాత్రం 'బుద్ధి చెప్పడం' అనే మాటకు హితవు చెప్పడమనీ, నాలుగు తగిలించడమనీ రెండు అర్థాలున్నాయి. చౌరస్తా పెద్దమనుషులు రెండో దాన్నే పట్టుకున్నట్టున్నారు.

నిన్న రాత్రి తొలిసారిగా మావాణ్నే అడిగాను. సీఈసీ అన్నాడు. ఈ సంగతి చౌరస్తాలో ఇంకా ఎవరికీ చెప్పలేదు.