గూగుల్ యాడ్స్‌లో పెట్టే ఆ 200 రూపాయలు ఎవరి క్లిక్కులకు పోతున్నాయో చూడండి

కొత్తవాళ్లు గూగుల్ యాడ్స్‌లో రోజుకు 200 రూపాయలతో మొదలుపెడితే చాలని ఒక వ్యాసంలో రాశారు. నిజమే, కానీ ఆ డబ్బు ఎవరి క్లిక్కులకు పోతుందో చూసుకోమని కూడా రాయాల్సింది. దేవరకొండలో మా తమ్ముడిది బోరు మోటార్ల రివైండింగ్ షాపు. పోయిన ఎండాకాలం యాడ్ పెట్టాం. వారమంతా క్లిక్కులే, ఒక్క రైతు నుంచీ ఫోన్ రాలేదు. జనం ఏమేం వెతికితే మన యాడ్ కనిపించిందో చూపే సెర్చ్ టర్మ్స్ రిపోర్ట్ తెరిస్తే అప్పుడు అర్థమైంది: రివైండింగ్ కోర్సు, కొత్త మోటారు ధర, వైండింగ్ డేటా... అన్నీ ఇలాంటివే. కీవర్డులను (ఏ మాటలు వెతికితే యాడ్ కనిపించాలో మనం ఇచ్చేవి) బ్రాడ్ మ్యాచ్‌లోనే, అంటే వాటికి కాస్త సంబంధం ఉన్న వెతుకులాటలకూ యాడ్ చూపించే పద్ధతిలోనే వదిలేశాం మరి. ఫ్రేజ్ మ్యాచ్‌కు, అంటే మన కీవర్డు అర్థం ఉన్న వెతుకులాటలకే చూపించే పద్ధతికి మార్చి, కోర్సు, ధర, ఉద్యోగం లాంటి మాటలను నెగటివ్ కీవర్డుల్లో (ఈ మాటలతో వెతికితే యాడ్ చూపించొద్దని చెప్పేవి) వేశాక కొండమల్లేపల్లి, చందంపేట వైపు నుంచి ఫోన్లు మొదలయ్యాయి.

లొకేషన్ దగ్గర కూడా జాగ్రత్త. ముందే ఎంచి ఉండే ఆప్షన్‌లో మన ప్రాంతంలో ఉన్నవాళ్లే కాదు, దాని మీద ఆసక్తి చూపినవాళ్లూ వస్తారు. ఎక్కడో దూరాన కూర్చుని వెతికేవాళ్లు దేవరకొండకు మోటారు మోసుకురారు కదా! ఒక రోజు 400 దాకా ఖర్చయినా టెన్షన్ పడకండి, రోజు బడ్జెట్‌కు రెట్టింపు వరకు పోవచ్చు. నెల మొత్తానికి మాత్రం రోజు బడ్జెట్‌కు 30.4 రెట్లు (నెలకు సగటు రోజులు), అంటే 6,080 దాటదు.