అంగారకుడికి ముందు సెక్రటరీని పంపండి

అంగారకుడి మీద గ్రీన్‌హౌస్ కట్టి మనుషుల్ని బతికిస్తామంటున్న ఇంజినీర్లకు హైదరాబాద్ అపార్ట్‌మెంటు వాసుల తరఫున ఒక మనవి. విత్తనాల గురించి దిగులు పడకండి. ఇస్రో 2024 డిసెంబర్ 30న పంపిన ఎనిమిది బొబ్బర్ల గింజలు కక్ష్యలో నాలుగు రోజుల్లోనే మొలకెత్తాయి. గారెలకు చాలవు గానీ, మొలకెత్తడం పెద్ద పని కాదని తేలిపోయింది. అసలు పనల్లా మెయింటెనెన్సు. ఆ విద్యలో నల్లగండ్ల నుంచి నాగోలు దాకా మనకు సాటి లేరు.

అంగారకుడి మీద గాలి పీడనం మనదాంట్లో నూరో వంతు కూడా ఉండదు. లోపల సగం వాతావరణ పీడనం పెట్టినా చాలు, కప్పులో ప్రతి చదరపు మీటరునూ ఐదు టన్నుల బలం పైకి నెడుతుంది. అంటే స్లాబు కూలదు, లేచిపోతుంది. రేడియేషన్‌కు భయపడి పైన మట్టి కప్పితే బరువు కలిసొస్తుంది గానీ ఎండ పోతుంది (అసలే అక్కడి ఎండ మనకొచ్చేదాంట్లో సగం కూడా లేదు). ఇక ఎల్‌ఈడీలే గతి. ఒక మనిషి తిండికి 50 చదరపు మీటర్ల సాగు, చదరపు మీటరుకు 300 వాట్ల వెలుగు, రోజుకు 16 గంటలు వేసుకోండి: 240 యూనిట్లు. డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు నెలంతా కాల్చే కరెంటు ఒక్కడి ఒక్కరోజు భోజనానికి. కామన్ మీటరు ఎవరి పేరిట ఉండాలో జనరల్ బాడీలో ఇప్పుడే తేల్చాలి.

ఇక లెక్కలు. 1991లో అమెరికాలోని అరిజోనాలో ఎనిమిది మంది బయోస్ఫియర్-2 అనే గాజు మేడలో తలుపులు బిగించుకున్నారు. పదహారు నెలలకు ఆక్సిజన్ 20.9 శాతం నుంచి 14.5కు దిగింది. ఎరువు దండిగా కలిపిన మట్టిలోని సూక్ష్మజీవులు తినేశాయి. మరి అవి వదిలిన కార్బన్ డయాక్సైడ్ ఏమైనట్టు? దాన్ని కాంక్రీటు పీల్చుకుని సున్నపురాయిగా మార్చుకుందట. పెద్ద మరమ్మతులకని దాచిన కార్పస్ ఫండు గోడల్లోకి పోవడం మనకు కొత్తా? చివరికి బయటి నుంచి ఆక్సిజన్ తెప్పించుకున్నారు. అరిజోనా కాబట్టి ట్యాంకరొచ్చింది.

నీళ్లూ అంతే. భూమి చుట్టూ తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో చెమట, మూత్రం కలిపి 98 శాతం నీటిని తిరిగి వాడుకునే స్థాయికి 2023లో చేరారు. మనవాళ్లు మాత్రం కరెంటు బిల్లుకు జడిసి మురుగునీటిని శుద్ధి చేసే ఎస్‌టీపీని ఆపేస్తారు, తనిఖీ రోజున తిప్పుతారు. అంగారకుడి మీద ఆ తెలివి పనికిరాదు. ఫ్యాన్లు ఆపి పొదుపు చేద్దామన్నా కుదరదు: ఆకులు వదిలే ఆవిరి కదలకపోతే బూజు పడుతుంది. 2015 చివర్లో అంతరిక్ష కేంద్రంలోని జిన్నియా మొక్కలకు అదే పట్టింది.

పుంటికూర ప్రియులకు చేదు కబురు. అంగారకుడి మట్టిలో పెర్‌క్లోరేట్లనే హానికర లవణాలు ఉన్నాయని 2008లో నాసా వారి ఫీనిక్స్ నౌక తేల్చింది. నీటితో కడిగితే పోతాయి, కడగకపోతే ఆకుల్లోనే చేరి థైరాయిడ్ మీద పడతాయి. ఆ కడిగిన నీళ్లను మొక్కలకు పోయకుండా చూడటానికి వాచ్‌మన్ కావాలి.

అన్నిటికన్నా గడ్డు సమస్య తలుపు గాస్కెట్. వేలెడు మందం రబ్బరు పట్టీ. చలికి బిరుసెక్కుతుంది, పిండి కన్నా మెత్తటి దుమ్ము దాని అంచున చేరి కోస్తుంది, వెంట్రుకవాసి సందులోంచి గాలి పోతూనే ఉంటుంది. ఎం-సీల్‌తో సరిపెట్టే కేసు కాదు. కొత్తది కావాలంటే, భూమి నుంచి రాకెట్ పంపడానికి 26 నెలలకోసారి వచ్చే సమయం దాకా ఆగాలి. అయినా సరే, మూడు కొటేషన్లు తెప్పించందే చెక్కు మీద సంతకం పెట్టేది లేదని మన ట్రెజరర్ గారు ముందే చెప్పేశారు.